కౌన్సిలర్లకు, మున్సిపల్ సిబ్బందికి క్లైమేట్ శిక్షణ: ఆ రెండు రోజుల్లో ఏం చేయించాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. లక్ష లోపు జనాభా ఉన్న తెలంగాణ మున్సిపాలిటీ, కొత్త పాలకవర్గం. కౌన్సిలర్లకూ సిబ్బందికీ కలిపి వాతావరణ మార్పుల మీద రెండు రోజుల శిక్షణ పెట్టమని కమిషనర్ గారు ఎన్విరాన్‌మెంట్ ఇంజనీరుగా మీకు అప్పజెప్పారు. ఏం చెప్పించాలి, ఎవరిని పిలవాలి, భోజనాలయ్యాక హాలు ఖాళీ కాకుండా ఏం చెయ్యాలి అని అడిగారు. నేను మున్సిపల్ ఇంజనీరింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను, ఇలాంటి శిక్షణలు ఇప్పటికీ నడుపుతుంటాను. నాకు తెలిసింది చెబుతాను.

ముందు తేదీ సంగతి. జూన్ 5న మాత్రం వద్దు. పర్యావరణ దినోత్సవం కలిసొస్తుందని అందరూ ఆ రోజే పెడతారు. అప్పటికి ఎండలు కాసి పోయాయి, నైరుతి గుమ్మంలో ఉంది, పూడికతీత పనులు సగంలో ఉన్నాయి, బడ్జెట్ ఎప్పుడో ఆమోదమైపోయింది. ఆ రోజు నేర్చుకున్నది వాడుకోవడానికి మళ్ళీ ఏడాది ఆగాలి. డిసెంబరులోనో, సంక్రాంతి సెలవులు అయిన వారంలోనో పెట్టండి. బడ్జెట్ అంచనాలు తయారయ్యే కాలం అది. ఎండకు ఏర్పాట్లు ఫిబ్రవరిలో, నాలాల టెండర్లు మార్చిలో మొదలవ్వాలి కాబట్టి, అక్కడ అనుకున్న పనికి డబ్బూ టైమూ రెండూ ఉంటాయి.

సైన్సుకు అరగంట చాలు. మొదటి స్లైడులో ధ్రువపు ఎలుగుబంటి కనబడిందంటే కౌన్సిలర్ల ఫోన్లు బయటికొస్తాయి, అందులో వాళ్ళ తప్పేం లేదు. మన దేశ సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 లోపు సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని చెప్పండి. 2024లో ప్రపంచ సగటు, పరిశ్రమలు రాకముందు కాలంతో పోలిస్తే, మొదటిసారి ఏడాది మొత్తానికి 1.5 డిగ్రీలు దాటిందని చెప్పండి. "ఒక డిగ్రీకే ఇంత గొడవా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ మోస్తుంది. అందుకే వానలు లేని రోజులు సాగిపోతాయి, పడ్డప్పుడు ఒక్కసారే కుమ్మరిస్తుంది. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. హైదరాబాద్‌లో ఏడాదంతా కలిపి పడేది సుమారు 800. ఈ ఒక్క పోలికతో హాలు నిశ్శబ్దమవుతుంది. అయితే ఆ ఒక్క వానకూ వేడెక్కడమే కారణమని గట్టిగా అనకండి. ఇలాంటి వానలకు అవకాశం పెరుగుతోంది అనడం వరకే మన పని.

ఆ వెంటనే మిల్లీమీటర్లను ట్యాంకర్లలోకి మార్చండి. ఎకరం మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 4 లక్షల లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 80. వంద ఎకరాల వార్డుకు 8,000 ట్యాంకర్లు. నీళ్ళ ట్యాంకరు కోసం వేసవంతా ఫోన్లు ఎత్తే కౌన్సిలరుకు ఈ లెక్క ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఇక ఇంజనీర్లకు రెండో సగం. ఆ వాన నాలుగు గంటల్లో పడిందనుకుందాం. వంద ఎకరాలకూ కలిపి సెకనుకు 2.8 క్యూబిక్ మీటర్లు. ఐదో వంతు ఇంకిపోయిందనుకున్నా 2.2 మిగులుతుంది. 900 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపు (సిమెంటు కాంక్రీటు పైపు) ఒకటి మంచి వాలు ఉండి, చెత్త లేకుండా ఉంటే సెకనుకు ఒక క్యూబిక్ మీటరు అటూ ఇటూ తీసుకుంటుంది. రెండు పైపులు వేసినా చాలీచాలని చోట మనం వేసింది ఒకటి, అదీ సగం మట్టితో నిండి ఉంటుంది. ఈ లెక్కను మీ అసిస్టెంట్ ఇంజనీరు (ఏ.ఇ.) తోనే బోర్డు మీద వేయించండి. బయటి నిపుణుడు వేస్తే అది ఉపన్యాసం, సొంత ఏ.ఇ. వేస్తే అది ఆఫీసు మాట.

ఇక్కడే ఒక జాగ్రత్త. వాతావరణ మార్పు అనే మాట చేతులు దులుపుకోవడానికి బాగా పనికొస్తుంది. "అంత వాన పడితే ఎవరు మాత్రం ఏం చేస్తారండీ" అన్న మాటకు శిక్షణ సర్టిఫికెట్ తోడైతే ఇక అడిగేవాడుండడు. అందుకే నేను ప్రతి బ్యాచ్‌లోనూ విజయవాడ గురించి చెబుతాను. 2024 సెప్టెంబరు 1న కుండపోత నిజం. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా రావడమూ నిజం. కానీ ఆ ఊళ్ళోని సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నది బుడమేరు వాగు నీటిని మళ్ళించే డైవర్షన్ ఛానల్‌కు గండ్లు పడ్డందుకు, దిగువన వాగు దారి ఇరుకైపోయినందుకు కూడా. అదే రోజు ఖమ్మంలో మున్నేరు కాలనీల్లోకి వచ్చింది. వాన మన చేతిలో లేదు. కట్ట బలం, వాగు వెడల్పు, ఎక్కడ ప్లాటు వేయనిచ్చాం అన్నవి మన ఫైళ్ళలో ఉన్నాయి. శిక్షణ అంతా ఆ ఫైళ్ళ చుట్టూ తిరగాలన్నదే నా అభిప్రాయం.

ఎండ విషయానికి మొదటి రోజులో ఎక్కువ టైము ఇవ్వండి, ఎందుకంటే వరద కనబడినట్టు ఎండ కనబడదు. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. అప్పటికి రెండేళ్ళ ముందే, 2013లో, అహ్మదాబాద్ నగరపాలక సంస్థ హీట్ యాక్షన్ ప్లాన్ (ఎండల నుంచి జనాన్ని కాపాడే ప్రణాళిక) పెట్టుకుంది. 2010 మేలో ఆ ఊళ్ళో మామూలు కంటే 1,344 మరణాలు ఎక్కువ నమోదయ్యాయని తేలడం దానికి ఆధారం. ఆ లెక్క తేల్చింది మరణాల రికార్డు నుంచే. అలాంటి రికార్డు మీ ఆఫీసులోనూ ఉంది. జనన మరణాలు రాసేది మున్సిపాలిటీయే కదా.

ఈ పని శిక్షణకు ముందే చేసి పెట్టుకోండి. పదేళ్ళ మరణాల రిజిస్టరులో మార్చి నుంచి జూన్ వరకు వారం వారం లెక్క తీయించండి. చిన్న ఊరు కాబట్టి రోజువారీ అంకెలు ఏమీ చెప్పవు, వారం లెక్కే నయం. 2020, 2021 పక్కన పెట్టండి, కోవిడ్ వల్ల ఆ అంకెలు దారి తప్పిస్తాయి. ఇంకోటి, చావు ఎక్కడ జరిగితే అక్కడ రిజిస్టరవుతుంది. మీ ఊళ్ళో జిల్లా ఆస్పత్రి ఉంటే చుట్టుపక్కల పల్లెల వాళ్ళవీ కలిసిపోతాయి, చిరునామా కాలమ్ చూసి వేరు చేయాలి. పక్కన ఆ వారం గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు రాయండి. తెలంగాణలో రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సొసైటీ వారి ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల లెక్కలు మండలాల వారీగా దొరుకుతాయి. కనిష్ఠం ఎందుకంటే, రాత్రి కూడా చల్లబడకపోతే రేకుల ఇంట్లో పడుకున్న ముసలివాళ్ళకు ఒళ్ళు తేరుకునే టైము ఉండదు. మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతేనో, నేరుగా 45 తాకితేనో వాతావరణ శాఖ వడగాడ్పు అంటుంది. మీ ఊళ్ళో మరణాలు ఏ అంకె దగ్గర పెరుగుతున్నాయో మీ రిజిస్టరే చెప్పాలి.

ఆ చార్టు తెర మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా కాసేపు ఆగండి. ఒక ఊళ్ళో ఇలా పెట్టినప్పుడు వెనక వరసలో కూర్చున్న ఒక కౌన్సిలరమ్మ లేచి, "ఆ వారం మా వాడకట్టులో ఇద్దరు పోయిన్రు సార్, ఇద్దరికీ గుండెపోటనే రాసిన్రు" అంది. నిజంగానే అలా రాస్తారు. వడదెబ్బ మరణమని తేల్చాలంటే తహసీల్దారు, ఎస్.ఐ., డాక్టరు కలిసి నిర్ధారించాలి, పోస్టుమార్టం కావాలి. చాలా కుటుంబాలు అంతదూరం వెళ్ళవు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షలు ఇస్తామన్నాక, ఈ కాగితాలు ఏమిటో కౌన్సిలరుకు తెలియడం చాలా అవసరం. ఈ పది నిమిషాల ముక్కకు వచ్చినన్ని ప్రశ్నలు మిగతా రోజంతా రావు.

తర్వాత అలర్ట్ డ్రిల్. సాయంత్రం ఆరింటికి "రేపు ఆరెంజ్ అలర్ట్" అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. అందరూ బొటనవేలు బొమ్మ పెడతారు, అక్కడితో సరి. హాల్లోనే ఆ మెసేజ్ పంపించి, ఇప్పుడు ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారో నిజంగా చేసి చూపించమనండి. శానిటరీ ఇన్‌స్పెక్టరు రేపటి షిఫ్టు ఐదింటికి మార్చాలి. అవుట్‌సోర్సింగ్ కార్మికులకు కూడా మార్చాలంటే కాంట్రాక్టరుకు ఎవరు చెబుతారు? పట్టణ పొదుపు సంఘాలను చూసే మెప్మా రిసోర్స్ పర్సన్లు (ఆర్‌పీలు) ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ తలుపు తట్టాలి. వాళ్ళ పేర్ల జాబితా ఎవరి దగ్గర ఉంది? బస్తీ దవాఖానాలో ఓ.ఆర్.ఎస్. ఉందా, ఐసు ఉందా? లేబర్ అడ్డా దగ్గర పది గంటలకు నీళ్ళుంటాయా? మొదటి ఫోన్ దగ్గరే గొలుసు తెగిపోతుంది, ఎందుకంటే జాబితాలోని నంబరు బదిలీ అయిపోయిన ఆఫీసరుది. తెగనివ్వండి. ఎక్కడ తెగిందో ఒక కాగితం మీద రాసుకుంటే అదే మీ ఊరి హీట్ ప్లాన్‌కు చిత్తుప్రతి.

చలివేంద్రాల మీద ఒక మాట. శామియానా, రిబ్బను, కొత్త కుండలు, ఫ్లెక్సీలో అందరి ఫోటోలు. పది రోజులకు కుండ అడుగున పాచి. కౌన్సిలర్లను నేను ఎప్పుడూ అడిగేది ఒకటే: ప్రారంభోత్సవం ఎవరైనా చేస్తారు, మే నెలంతా కుండ నింపే మనిషి పేరు చెప్పండి.

రెండో రోజు పొద్దున్న ఏడింటికే నాలా వెంట నడిపించండి. హాలుకు పోయే ముందు నడక, ఆ తర్వాతే టిఫిను. పైనున్న చెరువు అలుగు దగ్గర మొదలుపెట్టి, కింది చెరువు దాకా నీళ్ళు పోయే దారి పట్టుకుని నడవాలి. మన ఊళ్ళన్నీ గొలుసుకట్టు చెరువుల మీద కట్టుకున్నవే కాబట్టి ఆ దారి ఎక్కడో ఒకచోట కనబడకుండా పోతుంది. అక్కడ ఆగి, ఇక్కడ నీళ్ళు ఎటు పోతాయి అని అడగండి. ఒకసారి నడిచినప్పుడు ఒక కల్వర్టు దగ్గర చూశాం. కల్వర్టు వెడల్పు బానే ఉంది, కానీ దాని నోటికి అడ్డంగా మంచినీళ్ళ పైపులైను ఒకటి పోతోంది. ఆ పైపుకు చీరముక్కలు, సంచులు, అరటి బోదె, ఒక పరుపు తట్టుకుని గోడలా పేరుకున్నాయి. డ్రైనేజీ చూసే ఏ.ఇ. అది వాటర్ సప్లై వాళ్ళ పైపన్నాడు. వాటర్ సప్లై ఆయన, కల్వర్టు ఆర్ అండ్ బీ వాళ్ళదన్నాడు. పక్కనే నిలబడ్డ పారిశుధ్య జవాను, "వాన పడ్డ ప్రతిసారీ కర్రతో నెట్టేది నేనే సార్" అన్నాడు. పైపును ఒక మీటరు పైకి లేపడానికి ఎస్టిమేట్ ఎంతవుతుందో అక్కడే నిలబడి వేశారు. పెద్ద మొత్తమేమీ కాలేదు.

అందుకే జవాన్లను శ్రోతలుగా వెనక బెంచీల్లో కూర్చోబెట్టకండి. ఏ వీధిలో నీళ్ళు ఏ గడప దాకా వస్తాయో, ఏ మ్యాన్‌హోల్ పొంగుతుందో వాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు. వార్డు మ్యాపు గోడకు అంటించి, ఎర్ర స్కెచ్ పెన్ను వాళ్ళ చేతికివ్వండి. ఏపీ నుంచి ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు వార్డు సచివాలయాల వ్యవస్థలో ఎమినిటీస్, శానిటేషన్, ప్లానింగ్ సెక్రటరీలు ఉన్నారు. అంత సిబ్బంది తెలంగాణ మున్సిపాలిటీలకు లేదు, ఆ వెసులుబాటు వాడుకోండి.

నడక తర్వాత టౌన్ ప్లానింగ్ వాళ్ళతో ఒక గంట. ఇది కాస్త టెన్షన్ పుట్టించే సెషన్, ముందే చెబుతున్నా. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు. ఇది చదవగానే సగం మంది చూపులు నేలకు దిగుతాయి. శిఖం భూమిలో, అంటే చెరువు లోపలి భూమిలో, ఎవరి వెంచర్ ఉందో అందరికీ తెలుసు, హాల్లో మాత్రం ఎవరూ అనరు. మీరూ పేర్లు తీయకండి, తీస్తే భోజనం దాకా కూడా ఎవరూ ఉండరు. పాత కబ్జాల గొడవ రెండు రోజుల్లో తేలేది కాదు. కొత్తవి ఆపడం మాత్రం ఈ సిబ్బంది చేతుల్లోనే ఉంది. ఆన్‌లైన్ అనుమతుల పద్ధతిలో 600 గజాల లోపు ఇళ్ళకు సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద అనుమతి వచ్చేస్తుంది, ఆ తర్వాత తనిఖీ చేయాల్సింది వీళ్ళే. ఆ తనిఖీకి పోయే మనిషి ఫోనులో నాలా మ్యాపు ఉందా లేదా అన్నదొక్కటి తేల్చండి. నాలా ఒడ్డున గుడిసె వేసుకున్నవాళ్ళను, నాలానే పూడ్చి లేఅవుట్ వేసినవాళ్ళను ఒకే గాటన కట్టే చర్చ వస్తే మాత్రం అడ్డుకోండి.

కార్బన్ తగ్గింపు సంగతి కరెంటు బిల్లుతో చెప్పండి, అంతకు మించి పెద్దగా అక్కర్లేదు. చిన్న మున్సిపాలిటీల్లో కరెంటు ఖర్చులో సింహభాగం నీళ్ళ పంపులు, వీధి దీపాలదే. సర్వీసు నంబర్ల వారీగా బిల్లులు తెర మీద పెట్టి ఏ పంపు పాతదో, ఏది పగలంతా నడుస్తోందో, ఎక్కడ వీధి దీపాలు మధ్యాహ్నం కూడా వెలుగుతున్నాయో వాళ్ళతోనే వెతికించండి. డంపింగ్ యార్డులో తడి చెత్త కుళ్ళి మీథేన్ పుడుతుందనీ, వేసవిలో అక్కడ మంటలు ఊరికే రావనీ ఇంకో పది నిమిషాలు.

డబ్బు ఎక్కడిది అని ఛైర్‌పర్సన్ అడుగుతారు. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 బడ్జెట్‌లో 10 శాతం గ్రీన్ బడ్జెట్‌గా పెట్టమంది. ఆ డబ్బు ఇన్నాళ్ళూ ఎక్కువగా నర్సరీలకు, డివైడర్ల మధ్య మొక్కలకు పోయింది. కొన్ని ఊళ్ళలో కోనోకార్పస్ అనే విదేశీ అలంకార చెట్ల వరసలు నాటి తర్వాత నాలుక్కరుచుకున్నారు. చెట్టు ఎవరికి నీడ ఇస్తుందో చూసి నాటమని చెప్పండి. లేబర్ అడ్డా, బస్టాపు, కూరగాయల మార్కెట్, ఆటో స్టాండు దగ్గర వేప, కానుగ. కరెంటు తీగల కింద మాత్రం వద్దు, ఎదిగాక లైన్‌మెన్ వచ్చి నరుకుతాడు. 15వ ఆర్థిక సంఘం కాలంలో (2021-26) ఆ నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకే కట్టిపెట్టారని, వాననీటి సంరక్షణ కూడా అందులోకి వచ్చేదని, ఇప్పటి నిధుల నిబంధన ఏమిటో అకౌంట్స్ ఆఫీసరు చెబితే బావుంటుంది. 2023 నుంచి రాష్ట్రంలో కూల్ రూఫ్ పాలసీ ఉంది. దాని గురించి చెప్పడం కంటే మున్సిపల్ ఆఫీసు స్లాబు సగానికి తెల్ల రంగు వేయించి, మధ్యాహ్నం రెండింటికి కింది గదుల సీలింగును చేత్తో తాకించడం మేలు.

మహిళా కౌన్సిలర్ల సంగతి ప్రత్యేకంగా రాయాలి. సీట్లలో సగం వాళ్ళవి, శిక్షణకు సంతకం పెట్టేది చాలాచోట్ల వాళ్ళ భర్తలు. ఆహ్వానం ఆమె పేరున, ఆమె ఫోనుకు పోవాలి. ప్రయాణ భత్యం (టీఏ) ఆమె ఖాతాలోనే వెయ్యండి. రెండో రోజు నడక తప్ప, హాల్లో సెషన్లన్నీ పదిన్నరకు మొదలుపెట్టి నాలుగింటి లోపు ముగించండి, చంటిపిల్లలుంటే ఒక గది చూపించండి. "మేడం రాలేదు, నేను వచ్చా" అన్న సార్‌కు టీ ఇచ్చి మర్యాదగా పంపించెయ్యడానికి ముందే కమిషనర్ గారి అనుమతి తీసుకోండి, అది మీ స్థాయిలో అయ్యే పని కాదు. నీళ్ళు, చెత్త, ఎండ, ముసలివాళ్ళు, ఇవన్నీ ఆ ఇళ్ళలో రోజూ చూసుకునేది వాళ్ళే. గ్రూపు పనిలో భర్తలు లేనప్పుడు వాళ్ళు చెప్పే వివరాలు ఏ సర్వేలోనూ దొరకవు.

రెండో రోజు మధ్యాహ్నం పీపీటీలు కట్టేసి, ప్రతి గ్రూపుతోనూ ఒక ఎజెండా అంశం రాయించండి. కౌన్సిల్లో అంశంగా రానిది ఆఫీసులో కదలదని మీకు తెలిసిందే. "పర్యావరణాన్ని కాపాడవలెనని తీర్మానించడమైనది" లాంటిది రాస్తే వెనక్కి ఇచ్చెయ్యండి. ఫలానా వార్డు లేబర్ అడ్డా వద్ద మార్చి నెలాఖరులోగా షెడ్డు, తాగునీరు, అంచనా ఇంత, ఖర్చు గ్రీన్ బడ్జెట్ నుంచి, బాధ్యత ఫలానా ఏ.ఇ. అని ఉండాలి. రాసే పని సూపరింటెండెంట్ గారికి అప్పజెప్పండి, ఆ భాష ఆయనకే వచ్చు. వచ్చే సాధారణ సమావేశంలో ఎన్ని అంశాలు పెట్టారో చూస్తే శిక్షణ పనిచేసిందో లేదో తేలిపోతుంది. ఫీడ్‌బ్యాక్ ఫారాలు నేను చదవడం మానేశాను, అన్నిట్లోనూ "చాలా బాగుంది" అనే ఉంటుంది.

ఎవరిని పిలవాలన్నది చివరికి వదిలేశాను, ఎందుకంటే అది మీరు అనుకుంటున్నంత ముఖ్యం కాదు. ఉస్మానియాలోని పట్టణ, పర్యావరణ అధ్యయన కేంద్రం, హైదరాబాద్‌లోనే ఉన్న ఎంసీఆర్ హెచ్‌ఆర్‌డీ, ఈపీటీఆర్ఐ, ఆస్కీ అనే శిక్షణ సంస్థలు, వీటిలో ఎక్కడ అడిగినా ఒక మంచి వక్త దొరుకుతారు. ఒక్కరు చాలు, మొదటి రోజు ఆ అరగంటకు. వీలుంటే పక్క మున్సిపాలిటీలో వరద చూసిన ఒక మాజీ కౌన్సిలర్‌ను తీసుకురండి. కేరళ పద్ధతి కూడా ఒకసారి చూడండి. 2018 వరదల తర్వాత అక్కడి స్థానిక సంస్థలు తమ విపత్తు ప్రణాళికలు తామే రాసుకున్నాయి. త్రిస్సూర్‌లోని కిలా (స్థానిక సంస్థలకు శిక్షణ ఇచ్చే కేరళ సంస్థ) వాళ్ళకు దగ్గరుండి నేర్పింది. వాళ్ళ దగ్గరున్నంత శిక్షణ యంత్రాంగం మనకు లేదు, కానీ వార్డు స్థాయిలో మ్యాపు గీయించే పద్ధతి మనకూ పనికొస్తుంది.

నడకకు కావాల్సిన చెరువుల మ్యాపు, ఎఫ్‌టీఎల్ గీత ఉన్నది, ఇరిగేషన్ ఏ.ఇ. దగ్గర ఉంటుంది. దానికి లెటర్ పెట్టి, కాపీ చేతికొచ్చాకే తేదీ ఖరారు చెయ్యండి.